పెద్దలకు పెట్టేది మరిచిపోతే ఎట్ల?

మా రోజుల్లో పెద్దల అమావాస్యకు ఇల్లు చేరని మనిషి లేడు. భాద్రపదంలో వచ్చే మహాలయ అమావాస్య అది. పోయిన తిథి తెలియనివాళ్లకు కూడా ఆ పూటే పెట్టుకుంటారు. మా అనంతపురం నేల మీద ఏడాదికి పడేదే సగటున 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా రాని ఏడు శెనక్కాయ చెట్టు చేన్లోనే ఎండిపోయేది. అయినా పెద్దలకు పెట్టడం మానింది లేదు. చేబదులు తెచ్చైనా ఓళిగలు, అలసంద వడలు చేసేవాళ్లు. ఏమీ పుట్టని ఏడు కొర్రన్నం, పప్పు.

గోడవారగా కొత్తగుడ్డలు పెట్టి, విస్తళ్లు పరిచి, ఎవరికి ఏది ఇష్టమో అది వడ్డించేది మా జేజి. జేజినాయనకు బీడీకట్ట, చిన్నాయనకు కారం బొరుగులు. సాంబ్రాణి వేసి, వాళ్లు తిని పోవాలని తలుపు దగ్గరికి వేసి అందరం బయట కూచునేవాళ్లం. మిద్దెమీద కాకి ముట్టినాకనే మాకు తిండి. తర్పణం విడిచే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు మంత్రంతో చెప్తారు. మా ఇంట్లో మంత్రం లేదు, జేజి నోరే ఉండేది. ఒక్కొక్క పేరూ ఎత్తి, ఆ మనిషి ఏ చేను దున్నిందీ, ఎట్ల పోయిందీ చెప్పేది. 1876లో మొదలైన ధాతు కరువులో గంజి వెతుక్కుంటూ పోయి తిరిగిరానోళ్లకు కూడా ఒక విస్తరి ఉండేది. ఆ విస్తరి ఇప్పుడు ఎవరింట్లో వేస్తున్నారు?

ఇప్పుడు కూటికి ఫోన్లో ఆర్డరు. దండం పెట్టేది ఫోన్ స్టేటస్‌లో. సర్కిల్లో ఫ్లెక్సీ కడతారు, అందులో పోయినాయన బొమ్మకంటే కట్టించినోళ్ల బొమ్మలే ఎక్కువ. పొట్టకోసం బెంగళూరు పోయినందుకు పిల్లకాయలను నేను తప్పుపట్టను, ఈ నేలలో నీళ్లు లేవు. కానీ కర్ణాటకలో పెద్దల అమావాస్య రోజు సర్కారు సెలవు. సెలవుండి కూడా రాకపోతే ఏమనాలి?

పోయిన దసరాకు మనవళ్లు కోకో అనే సినిమా పెట్టినారు. 2017లో వచ్చిందంట, మెక్సికో కథ. అక్కడ నవంబర్ 1, 2 తేదీల్లో చనిపోయినోళ్ల ఫొటోలు పెట్టి, బంతిపూలు పరిచి, వాళ్లకిష్టమైనవి వండిపెడతారు. బంతి ఆ దేశంలో పుట్టిన పువ్వే. ఈ ఆచారాన్ని 2008లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. మెక్సికో నగరంలో జరిగే పెద్ద ఊరేగింపు మాత్రం పాతది కాదు. 2015 నాటి జేమ్స్‌బాండ్ సినిమాలో చూపించినాక, 2016లో మొదలుపెట్టినారు. సినిమాకోసం కల్పించింది ఊరి పండగయింది. నాకు అది నచ్చలేదు. వాళ్ల ఇండ్లల్లో పెట్టుకునే బల్ల మాత్రం మా జేజి విస్తరి మాదిరే ఉంది.

తలుచుకునేవాళ్లు లేకపోతే చచ్చినోళ్లు రెండోసారి చస్తారని ఆ సినిమాలో ఉంది. అది చూసి మావాళ్లు ఏడ్చినారు. మీ నాయన తాత పేరేమిరా అంటే ఒక్కడూ చెప్పలేదు. నాకు కడుపులో దేవినట్లయింది.

రాబోయే అమావాస్యకు ఊరికి రండి. రాలేకపోతే ఉన్నచోటనే ఒక విస్తరి వేయండి. మీ ఇంట్లో జేజి ఉంటే ఈ రోజే కూచోబెట్టి, ముత్తాతల పేర్లు అడిగి రాసుకోండి.