ప్లీడరు ఉచితం, మిగతావి మీవి

సామర్లకోట జంక్షన్‌లో సెల్‌ఫోన్ పోతే దొంగ దొరక్కపోవచ్చు గానీ, ముద్దాయి మాత్రం తప్పకుండా దొరుకుతాడు. ప్లాట్‌ఫారం మీద మూటలు మోసే కుర్రాడనుకోండి. చట్టం వాణ్ణి గాలికొదిలెయ్యలేదు. వాడిలాంటి వాళ్ల కోసమే 1976లో రాజ్యాంగంలో 39ఎ అధికరణం చేర్చారు. 1987 నాటి న్యాయసేవల చట్టమైతే మరీ ధర్మప్రభువు. కస్టడీలో ఉన్నవాడికి ఆదాయమెంతని అడగకుండా ప్లీడర్నిమ్మంటుంది. తెల్ల రేషన్ కార్డు అడగని పథకం ఇంకోటుంటే చూపించండి. కాకపోతే 1987లో చేసిన ఆ చట్టం 1995 నవంబరు 9 దాకా అమల్లోకి రాలేదు. ఎనిమిదేళ్లు చట్టమే రిమాండ్‌లో ఉందన్నమాట.

అందుకే ఏటా నవంబరు 9న పండగ చేస్తారు. షామియానా, ఫ్లెక్సీ, న్యాయ విజ్ఞాన సదస్సు. అరెస్టయితే ఏమేం అడగాలో కాలేజీ పిల్లలకు గంటసేపు చెబుతారు. వాళ్లు చప్పట్లు కొట్టి, టిఫిన్ పొట్లాలు పుచ్చుకుని ఇళ్లకెళతారు. లాకప్‌లో ఉన్నవాడికి ఆహ్వానం ఉండదు. 15100కి ఫోన్ చేస్తే చాలంటారు. వాడి దగ్గర దొరికిన ఒకే ఒక్క ఫోను సాక్ష్యం కింద సీలేసి ఉంది మరి!

పెద్దాపురం కోర్టులో నిలబెడతారు. ఉచితంగా ప్లీడర్ని ఇస్తామని మేజిస్ట్రేటే ముద్దాయికి చెప్పాలని సుప్రీంకోర్టు 1981లో ఖత్రీ కేసులో అంది. చెప్పకపోతే శాఖాపరమైన చర్య తప్పదని 2012లో కసబ్ తీర్పులో హెచ్చరించింది. కసబ్‌కేం, సుప్రీంకోర్టు దాకా సీనియర్ లాయరున్నాడు. మన వాడి వాదన రెండు ముక్కల్లో అయిపోతుంది.

"లాయరున్నాడా?"

"ఆయ్, లేడండి."

"ఏవన్నా చెప్పుకుంటావా?"

"ఆయ్, ఏం లేదండి."

గోదావరి మర్యాదకు పద్నాలుగు రోజుల రిమాండు.

తర్వాత ప్లీడరొస్తాడు, నిజంగానే. ముద్దాయిల కోసమే పనిచేసే లాయర్లను 2022 నుంచి జిల్లాల్లో పెడుతున్నారు. బెయిలూ వస్తుంది. ఇద్దరు జామీనుదారులు కావాలి, ఇంటిపన్ను రశీదులతో. వాళ్లమ్మ ఉండేది కాలవగట్టు మీద పాకలో. కాలవగట్టుకు పన్నెవడు రాస్తాడు? రశీదున్న మేస్త్రీ ఇంటికెళ్లి ఆవిడ బతిమాలింది.

"దొంగతనం కేసుకి సంతకం పెడితే రేపు నన్నడుగుతారమ్మా" అన్నాడాయన. ఆయన తప్పేం లేదు.

దీనికీ మందు రాశారు. బెయిలొచ్చి వారమైనా ఖైదీ బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు న్యాయసేవాధికార సంస్థకు చెప్పాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశం. అదే ఏడు కేంద్రం పేద ఖైదీల బెయిలుకు నలభై వేల దాకా కడతానంది. మంజూరుకు కలెక్టరు, ఎస్పీ, జైలు సూపరింటెండెంటు, జడ్జి ఉన్న కమిటీ కూర్చోవాలి. ఆ మహానుభావులందరికీ ఒకే రోజు తీరిక చిక్కాలంటే పంచాంగం చూడాల్సిందే.

ఈలోగా పోయిన రోజులకు రేటెంతంటారా? లెక్కుంది. విజయవాడ హాస్టల్ విద్యార్థిని హత్య కేసులో 2008లో పట్టుకెళ్లిన దళిత యువకుణ్ణి 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషంది. రాజమండ్రి జైలు నుంచి బయటికొచ్చిన అతనికి లక్ష రూపాయలివ్వమంది. ఎనిమిదేళ్ల పైచిలుకుకు నెలకు వెయ్యి కూడా పడలేదు. ఆ లెక్కన మన కుర్రాడు రెండు నెలలున్నా రెండు వేలు రావు. వాళ్లమ్మ కోర్టు చుట్టూ తిరిగిన ఆటో ఛార్జీలకే చాలవు.