147573952589676412927: సటీకా తాత్పర్యము

మూలము: 147573952589676412927

అవతారిక: 67 రెండ్లను ఒకదానితో నొకటి హెచ్చించి, వచ్చినదానిలో ఒకటి తీసివేయగా పుట్టిన సంఖ్య ఇది. చదరంగపు గళ్లలో గింజలు రెట్టించిన కథలో 64 గళ్లకే రాజుగారి గాదెలు చాలలేదు. ఇచట మరి మూడు గళ్లు.

ఛందస్సు: అంకెలు 21, చంపకమాల పాదమునకు సరి. పదునొకండవ చోట యతి పడవలెను. అచట ఎనిమిది కూర్చున్నది. ఒకటిలోని ఒకారమునకు ఎనిమిదిలోని ఎకారముతో మైత్రి లేదు. యతిభంగము. కవి చెప్పి చేసినది కాదు గనుక క్షమింపవచ్చును.

టీక: 14,75,739 = ఇన్ని; కోట్ల కోట్లు = కోటి యిండ్లలో ఇంటికొక కోటి చొప్పున; 52,58,967 కోట్లు = ఆ పైన; 64,12,927 = చిల్లర.

వ్యాకరణ విశేషము: ఇది ఏకపదమా, సమాసమా? ఇచటనే పెద్దల తగవు. ఫ్రాన్సు దేశపు సన్యాసి మెర్సెన్ 1644లో దీనిని ప్రధానసంఖ్య, అనగా విడదీయరాని పదము, అని పట్టికలో వ్రాసెను. రుజువు వ్రాయలేదు, పెద్దలకది పరిపాటి. 1876లో ల్యూకా అను గణితజ్ఞుడు 'సమాసమే' అని నిరూపించెను గాని విగ్రహవాక్యము చెప్పలేదు. దొంగతనము రుజువై దొంగ దొరకనట్లున్నది.

వెదకుట సులభమా? చివర 7 గనుక 2, 5 పోయినవి. అంకెల మొత్తము 109 గనుక 3 పోయినది. దీనిని భాగించు ప్రధానసంఖ్య యేదైనను 134 చేత భాగింప 1 శేషింపవలెనని నియమము. ఆ నియమము పట్టుకొని వరుసగా నడచినను 14,45,580వ అంచెలో గాని మొదటిది దొరకదు.

1903 అక్టోబరులో న్యూయార్కునందు, అమెరికా గణిత సమాజపు సభలో, ఫ్రాంక్ నెల్సన్ కోల్ విగ్రహవాక్యము చెప్పెను: 193707721 × 761838257287. నోరు మెదపక నల్లబల్లపై హెచ్చవేసి చూపి కూర్చుండెనని కథ. ఉపన్యాసకులు గమనింపదగును.

రెండు పదములును ప్రధానములే గనుక ఇది ద్వంద్వసమాసము.

తాత్పర్యము: స్పష్టము.

పూర్వవ్యాఖ్యాతపై ఆక్షేపణ: మెర్సెన్ పట్టికలో 257 రెండ్ల సంఖ్య కూడ తప్పే. 61, 89, 107 రెండ్లవి ఉండవలసినవి, లేవు. ఆ పట్టికకు తప్పొప్పుల పట్టిక పూర్తియైనది 1947లో.