బొగ్గు కూడా హెర్బలే

‘వంద శాతం మొక్కల నుంచి’ అని డబ్బా మీద రాసి ఉంటే లోపలేముందో చదివే ఓపిక ఎవరికీ ఉండదు. రోగనిరోధక శక్తి పెంచుతాయని అమ్మే ప్లాంట్ స్టెరాల్ గోలీలకు ఆ నాలుగు ముక్కలే అసలు పెట్టుబడి. ఆ లెక్కన బొగ్గు గనుల గోదావరిఖని ఈపాటికి దేశంలోనే ఆరోగ్యవంతమైన ఊరై ఉండాలి. సింగరేణి బొగ్గు మాత్రం దేన్నుంచి వచ్చింది? పాతిక కోట్ల ఏళ్లకు ముందు గ్లోసాప్టెరిస్ వంటి చెట్లు బురదలో కూరుకుపోయి నల్లబడ్డ సరుకే కదా. ఆ మొక్కల స్టెరాల్సే భూమి వేడికి రూపు మారి, స్టెరేన్లనే పేరుతో బొగ్గులో మిగులుతాయని భూరసాయన శాస్త్రం చెబుతుంది. అంటే ముప్పై ఏళ్లు బాయి దిగిన కార్మికుడు పీల్చింది కల్తీలేని హెర్బల్ పొడి. అదీ ఉచితంగా, కంపెనీ ఖర్చుతో. కోర్సు పూర్తయ్యాక చేతికొచ్చేది మాత్రం నిమోకోనియోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు.

ఆ జబ్బు నడిచే తీరు చూస్తే ‘ఇమ్యూనిటీ పెంచడం’ అన్న మాటే తలకిందులుగా కనిపిస్తుంది. ఊపిరితిత్తుల గాలి గదుల్లో మాక్రోఫేజ్ కణాలు కాపలా కాస్తుంటాయి. లోపలికొచ్చిన దాన్నల్లా మింగుతాయి. క్రిమి అయితే అరిగించుకుంటాయి గానీ బొగ్గు రేణువు, సిలికా రేణువు అరగవు. అరగని దాన్ని మింగిన కణం టీఎన్ఎఫ్-ఆల్ఫా వంటి రసాయనాలు కక్కి తోటి కణాలను పిలుస్తుంది, వచ్చినవీ అదే పని చేస్తాయి. వాపు మీద వాపు వచ్చి, మెత్తగా ఉండాల్సిన ఊపిరితిత్తి మచ్చలు కట్టి గట్టిపడుతుంది. ఇది రోగనిరోధక వ్యవస్థ బద్ధకించి తెచ్చిన జబ్బు కాదు, మూడు షిఫ్టులూ ఓవర్‌టైం చేసి తెచ్చిన జబ్బు. దానికి ఇంకా హుషారెక్కించే గోలీ దేనికో అమ్మేవాళ్లే చెప్పాలి. ‘పెంచదండీ, సమతుల్యం చేస్తుంది’ అని వాళ్ల దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. పెంచాలన్నా తగ్గించాలన్నా సరిపోయే మాట అది.

స్టెరాల్‌కు అసలు ఆధారమే లేదనడం అన్యాయం. దక్షిణాఫ్రికాలోని స్టెల్లెన్‌బాష్ విశ్వవిద్యాలయంలో ప్యాట్రిక్ బోయిక్ బృందం 1990ల్లో బీటా-సైటోస్టెరాల్ అనే మొక్కల స్టెరాల్ మీద పనిచేసింది. గాజు గొట్టంలో టీ-కణాలు చురుగ్గా విభజన చెందాయి. 1997లో వెలువడ్డ ఒక ప్రయోగంలో దాన్ని తీసుకున్న క్షయ రోగులు మిగతావారికంటే ఎక్కువ బరువు పెరిగారు. అయితే ఆ రోగులు యాభై మందికి లోపే, పైగా అందరూ క్షయ మందులు వాడుతున్నవాళ్లే. మారథాన్ పరుగువీరుల మీద చేసిన పరీక్ష ఇంకా చిన్నది. మనం తిన్న స్టెరాల్‌లో నూటికి అయిదు వంతులైనా రక్తంలోకి చేరదు, పేగు దాన్ని వెనక్కి నెట్టేస్తుంది. అలా పేగులో ఉండిపోవడం వల్లే కొలెస్టరాల్‌కు అడ్డుపడుతుంది. రోజుకు 2 గ్రాములు తీసుకుంటే చెడ్డ కొలెస్టరాల్ 8 నుంచి 10 శాతం దాకా తగ్గుతుందనేది గట్టి ఆధారాలున్న సంగతి. ఆ గౌరవం దానికి ఇవ్వాల్సిందే. గుండెకు సంబంధించిన ఆ సర్టిఫికెట్‌ను ఊపిరితిత్తుల గుమ్మానికి తగిలించడంతోనే పేచీ.

‘మేలు లేకపోతే పోయె, కీడేముంది?’ అంటారు. దీనికీ జవాబు దక్షిణాఫ్రికాలోనే ఉంది. ఇవే స్టెరాల్స్ ఉండే ఆఫ్రికన్ పొటాటో దుంపను, వెల్లుల్లిని, బీట్‌రూట్‌ను అప్పటి ఆరోగ్య మంత్రి మాంటో షబలాలా-మ్సిమాంగ్ హెచ్ఐవీ రోగులకు సిఫారసు చేశారు. అసలు మందులు మాత్రం ఆలస్యమయ్యాయి. 2000-2005 మధ్య ఆ ఆలస్యానికి 3.3 లక్షలకు పైగా ప్రాణాలు పోయాయని 2008లో హార్వర్డ్ పరిశోధకులు లెక్కగట్టారు. దుంప ఎవరినీ చంపలేదు, మందు రావాల్సిన చోట కూర్చుంది, అంతే.

తినే వాటితో ఒంటికి బలం రాదని కాదు. మరో బొగ్గు రాష్ట్రం జార్ఖండ్‌లో క్షయ రోగుల ఇళ్లకు నెలనెలా బియ్యం, పప్పు అందిస్తే, ఆ ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గిందని 2023లో లాన్సెట్ ప్రచురించింది. బియ్యం, పప్పులకు మెరిసే డబ్బా లేదు గనక మనవాళ్లకు నమ్మకం కుదరదు. స్టెరాలే కావాలంటే సంక్రాంతి సకినాల్లోని నువ్వుల్లో దండిగా ఉంది. దుమ్ము సంగతి చూడాలంటే 2017 బొగ్గు గనుల నిబంధనలున్నాయి. ఊపిరితిత్తుల్లోకి చేరే దుమ్ము ఘనపు మీటరు గాలికి 2 మిల్లీగ్రాములు దాటకూడదని అవి చెబుతాయి, పాత పరిమితి 3. ఓసీపీ (ఓపెన్‌కాస్ట్ గని) రోడ్ల మీద ట్యాంకరు నీళ్లు పూటపూటా పడితే అది కార్మికుడి ఇమ్యూనిటీ పద్దులో జమ కాదు, కంపెనీ ఖర్చు పద్దులో పడుతుంది. గోలీ అయితే కార్మికుడే కొనుక్కుంటాడు. పైగా మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తే కొడుక్కి బాయిల నౌకరీ దొరికే చోట, ఊపిరితిత్తులను నిజంగా బాగుచేసే గోలీ వచ్చినా దాన్ని ఇంట్లో ఎవరు మింగనిస్తారు?