ముందు చెప్పింది మేమే

మన యాంకర్ గారు ఒకప్పుడు జిల్లాలో స్ట్రింగర్. స్టోరీకి ఇంతని చేతిలో పెట్టేవారు, అదీ నెలలు గడిచాక. కరెంటు ఎందుకు పోయిందని లైన్‌మన్‌ని అడిగి, అతను చెప్పింది బుద్ధిగా రాసుకునేవాడు. హైదరాబాదు వచ్చి కోటు తొడిగాక ప్రశ్నలు పెరిగాయి గానీ, జవాబు ఆసాంతం వినే తీరిక పోయింది. చానళ్లు చాలానే మారాడు. ఏ గూట్లో ఉంటే ఆ పాట. అక్కడ ప్రజాగ్రహం అన్నదే ఇక్కడికొచ్చేసరికి పెయిడ్ ఆర్టిస్టుల హడావిడి అవుతుంది. గొంతులో ఆవేశం మాత్రం మారదు; అది సొంత ఆస్తి, ఎక్కడికెళ్లినా వెంట తీసుకెళ్తాడు.

1983 నవంబర్ 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్‌కి ప్రాంప్టర్ లేదు. బట్టీపట్టి చెప్పేవారు. అప్పట్లో వార్తలకు ఓ వేళంటూ ఉండేది, కాసేపటికి అయిపోయేవి కూడా. మన యాంకర్ గారికి ప్రాంప్టర్ ఉంది, అయిపోవడమే లేదు. "ఇంకో రెండు నిమిషాలు లాగండి సార్, ఫోన్‌లో ఎవరూ దొరకట్లేదు" అని కంట్రోల్ రూమ్ నుంచి చెవిలో పోరు. లాగుతాడు.

ఆ లాగుడులో పనితనం చూడాలంటే ఓట్ల లెక్కింపు రోజే చూడాలి. 2024 జూన్ 4న ఆంధ్రదేశం ఇంకా పాల ప్యాకెట్ కత్తిరించకముందే ఆయన తెర మీద ఉన్నాడు. లెక్కింపు ఎనిమిదికి. ముందు పోస్టల్ బ్యాలెట్లు, ఆ తర్వాతే ఈవీఎంలు. అందాకా చెప్పడానికి ఏముంది గనక? ఆ ఏమీ లేనిదాన్నే దంచాడు. "మరికాసేపట్లో స్ట్రాంగ్‌రూమ్ తలుపులు తెరుచుకోబోతున్నాయి!" ఊపిరి పీల్చుకుని, "ఆ తలుపుల వెనక ఏముంది?" ఈవీఎంలున్నాయి నాయనా, ఇంకేముంటాయి! అక్కడున్న రిపోర్టర్‌ని లైన్‌లోకి పిలిచి వాతావరణం ఎలా ఉందన్నాడు. తీవ్ర ఉత్కంఠగా ఉందన్నాడు ఆ కుర్రాడు. వాడి వెనకాల కానిస్టేబుల్ తీరిగ్గా టీ ఊదుకుంటున్నాడు.

ఎనిమిది దాటినా "నువ్వా నేనా" అన్నట్టే ఉందని ఆయన పట్టు. ఇటు గాలి ఉందన్నాడు, అటూ సైలెంట్ ఓటు ఉందన్నాడు, ఎందుకైనా మంచిదని హంగ్ మాట కూడా ఓసారి అనేశాడు. చివరికి 175 అసెంబ్లీ సీట్లలో 164 టీడీపీ కూటమికి వచ్చాయి. వెంటనే కింద స్క్రోలింగ్: "ముందు చెప్పింది మేమే." కాదనడానికి లేదు. అన్నీ చెప్పాడుగా!