అతిశుభ్రం

గీత నున్నగా ఉంటే లెక్క సరిగ్గా ఉన్నట్టేనని నమ్మిన మహానుభావుణ్ణి నేను. ఆ నమ్మకంతోనే ఒక గామా కిరణ విస్ఫోటాన్ని చేజేతులా తుడిచేశాను.

ప్రాజెక్టు కోసం ఆస్ట్రోశాట్ సమాచారం ముందేసుకున్నాను. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఈ ఉపగ్రహంలో తనకు తగిలిన కిరణాలను లెక్కించే సీజెడ్‌టీఐ అనే పరికరం ఉంది. అందులో కాడ్మియం జింక్ టెల్యురైడ్ పలకలు 64, ఒక్కోదానిలో 256 పిక్సెళ్లు. మొత్తం 16,384. ఇన్నీ ఒకేలా పనిచేస్తాయా? కొన్నిటికి చూపు మందం. కొన్ని ఏమీ తగలకుండానే అరుస్తాయి. కొన్ని బుద్ధిగా ఉండి ఉన్నట్టుండి పేట్రేగుతాయి. ఇవి చాలవన్నట్టు, కాస్మిక్ కిరణమొకటి ఉపగ్రహాన్ని తాకితే పుట్టే కణాల జల్లుకు బోలెడు పిక్సెళ్లు మైక్రోసెకన్లలో ఒక్కుమ్మడిగా లెక్క చెబుతాయి.

మొదట్లో ఈ లెక్కల గ్రాఫు గీతలో కనిపించిన ప్రతి ముల్లునూ విస్ఫోటమనుకుని గంతులేశాను. “అవన్నీ కాస్మిక్ కిరణాలయ్యా” అన్నారు మా సారు. నాకు పౌరుషమొచ్చింది. ఒక్కటే నియమం పెట్టి ప్రోగ్రాము రాశాను: ఏ పలక హద్దు దాటి లెక్క చెప్పినా ఆ సెకను మొత్తం కొట్టెయ్! గీత అద్దంలా వచ్చింది. వేరే ఉపగ్రహాలు విస్ఫోటాన్ని చూసిన వేళకు మాత్రం అందులో చిన్న ఖాళీ. “ఆ సమయంలో భూమి అడ్డొచ్చి ఉండవచ్చు” అని నివేదికలో ధీమాగా రాసేశాను. ఉపగ్రహం అప్పుడెక్కడుందో చూసుకోవాలన్న ఆలోచనైనా రాలేదు.

సారు ఆ వాక్యం దగ్గర ఆగి, “కొట్టేసినవి చూపించు” అన్నారు. కొట్టేసినవి ఎవరైనా దాచుకుంటారా! ప్రోగ్రామును మళ్లీ నడిపి బయటికి తీశాను. ఆ సెకన్లలో పరికరం నాలుగు భాగాల్లోనూ లెక్కలు కలిసి ఎక్కి, కలిసి దిగాయి. పాడైన పిక్సెల్ ఒంటరిగా అరుస్తుంది. కాస్మిక్ జల్లు రెప్పపాటు కూడా నిలవదు. నా చేతిలో బలైన విస్ఫోటం అన్ని పలకలకూ కనబడుతూ సెకన్ల తరబడి సాగింది. నేను ముల్లు ఎత్తు కొలిచాను గానీ సాక్షులను పిలవలేదు.

ఇప్పుడు ఒక్కో పిక్సెల్ లెక్కా విడిగా చూసి, ఎప్పుడూ అరిచేవాటినే ముందు తీసేస్తాను. అనుమానం వస్తే మిగతా భాగాలేమన్నాయో చూస్తాను. తీసేసినవన్నీ వేరే ఫైలులో ఉంటాయి.

అసలు ఈ విస్ఫోటాలు బయటపడ్డదే సాక్షుల వల్ల. అణుపరీక్షలపై నిఘాకు అమెరికా పంపిన వేలా ఉపగ్రహాలు 1967 జూలై 2న అంతుపట్టని మెరుపొకటి నమోదు చేశాయి. లాస్ అలమోస్ శాస్త్రవేత్తలు దాన్ని పారేయలేదు. తర్వాత వచ్చిన మెరుపులు వేర్వేరు ఉపగ్రహాలను చేరిన వేళల తేడా పట్టి, అవి భూమి నుంచీ సూర్యుడి నుంచీ వచ్చినవి కావని తేల్చారు. 1973లో క్లెబెసాడెల్, స్ట్రాంగ్, ఓల్సన్ అలాంటివి 16 ప్రకటించారు. నా ప్రోగ్రాము వాళ్ల చేతికి దొరక్కపోవడం ఖగోళశాస్త్రం చేసుకున్న పుణ్యం.