చేంజింగ్ బ్యాగు లక్షణం – సటీకా తాత్పర్యం

అవతారిక: ఇంట్లో డార్క్‌రూం లేదు, ఫిల్ము మాత్రం ఇంట్లోనే కడగాలని పంతం. ఫిల్మును డబ్బాలోంచి తీసి, స్పైరల్ అనే గాడి చక్రానికి ఎక్కించి, ట్యాంకు మూత బిగించేదాకానే చీకటి కావాలి. తరువాతి పనంతా పట్టపగలే. ఆ కాసేపటి చీకటిని అంగట్లో కొనబోయే గృహస్థునికి కవి చేంజింగ్ బ్యాగు అనే నల్ల సంచి లక్షణాలు చెప్పుచున్నాడు.

తే. రెండు జిప్పులు పొరలును రెండు గలిగి
చేతి పట్టీలు బిగువుగాఁ జేయి పట్టి
కడుపు పెద్దదై చెమటకు గాలి యిచ్చి
వెలుగు చొరనీని సంచియే వెలకుఁ దగును.

ప్రతిపదార్థం: రెండు జిప్పులు = ఒకదాని లోపల ఒకటిగా రెండు జిప్పులును; పొరలును రెండు = రెండు వరుసల నల్ల గుడ్డయు; కలిగి = ఉన్నదై; చేతి పట్టీలు = చేతులు దూర్చే గొట్టాల చివరి ఎలాస్టిక్కులు; బిగువుగాన్ = సందు లేకుండ; చేయి పట్టి = మోచేతి దగ్గర ఒడిసి పట్టగా; కడుపు పెద్దదై = లోపల చోటు మిక్కిలియై; చెమటకు గాలి ఇచ్చి = చేతుల ఆవిరిని ఉక్కపోయనీక; వెలుగు చొరనీని = వెలుతురును రానివ్వని; సంచియే = చేంజింగ్ బ్యాగే; వెలకున్ తగును = పెట్టిన డబ్బుకు న్యాయము చేయును.

తాత్పర్యం: వెలుతురు ఆపడం సంచికి కనీస ధర్మం. గొప్పతనమంతా కడుపులో ఉంది. కనుక పెద్దదే కొనవలెనని భావం.

విశేషాలు: ‘కడుపు పెద్దదై’ అన్నచోటే పద్యానికి ప్రాణం. బజారులో చిన్న సంచి సుమారు 16×17 అంగుళాలు, పెద్దది 27×30. అందులో ట్యాంకు, మూత, స్పైరల్, నడిమి గొట్టం, కత్తెర, డబ్బా ఓపెనర్, రెండు చేతులు పట్టాలి. 36 ఫ్రేముల ఫిల్ము విప్పితే ఐదడుగుల పైచిలుకు. 120 రోలైతే వెనకనున్న కాగితం విప్పినకొద్దీ చుట్టుకుపోయి వేళ్లకు అడ్డం. నడిమి గొట్టం బయట మరిచిపోయారా, మూత ఎంత బిగించినా ట్యాంకులోకి వెలుతురు దిగుతుంది.

‘చెమటకు’ అనడంలో అనుభవం ధ్వనిస్తోంది. రోహిణి కార్తెలో, విజయవాడలో, ఇరుకు సంచిలో చేతులు పెట్టి చూడండి. ఆ ఆవిరికి ఫిల్ముమీది జెలటిన్ మెత్తబడి ప్లాస్టిక్ స్పైరల్ గాడిలో అతుక్కుంటుంది. నెట్టినకొద్దీ మడత పడుతుంది. అప్పుడు బలం చూపరాదు. ఫిల్మును ట్యాంకులో వేసి, గొట్టం పెట్టి, మూత బిగించి, చేతులు బయటికి తీసి ఆరబెట్టుకొని, మళ్లీ మొదలుపెట్టాలి. లోపల పుల్లలతో నిలబడే గుడారం రకమైతే గుడ్డ చేతుల మీద పడదు గనుక మరీ మేలు.

పూర్వపక్షం: సినిమాల్లోలాగ ఎర్ర బల్బు పెట్టుకుంటే పోదా? పోదు. ఆ బల్బు నలుపు తెలుపు ప్రింటు కాగితానికి. అన్ని రంగులూ చూసే ప్యాంక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు కూడా కనబడుతుంది. రాత్రి బాత్రూం తలుపు సందుకు తువ్వాలు కుక్కితే చాలదా? చాలును, ఇంట్లో ఎవరూ తలుపు తట్టనంతవరకు.

పరీక్షా విధి: కొన్న సంచిని వెంటనే నమ్మరాదు. సంచి లోపలే ఫిల్ము ముక్క మీద నాణెం పెట్టి, సంచిని వెలుతురులో పది నిమిషాలు ఉంచి, ముక్కను కడిగి చూడాలి. నాణెం గుండ్రన కనబడితే సంచి కారుతున్నట్టే. మణికట్టు తిప్పగానే వెలిగే స్మార్ట్‌వాచీతో చేతులు దూర్చి, తరువాత సంచిని తిట్టడం శాస్త్రసమ్మతం కాదు.

ఫలశ్రుతి: ఈ పద్యం చదివి సంచి కొన్నవారికి 36 ఫ్రేములూ మసకబారకుండా దక్కును. అందులో బంధువుల తలలు తెగిపోయి ఉంటే సంచి పూచీ లేదు.