ఫైను కట్టిన పేషెంటు

జావాలో ఒక క్లాసుకు వారసత్వం ఒక్క క్లాసు నుంచే రావాలి. 1995 నుంచీ అదే రూలు. ఇంజినీరింగు కుర్రాడి ల్యాబ్ రికార్డుకు ఆ పట్టింపు లేదు. సగం తెనాలి సీనియర్‌ది, సగం బాపట్ల బావది. చివరి పేజీలు మాత్రం సొంతం. రేపల్లె ప్యాసింజర్లో రాశాడు గనక ఆ కుదుపులకు సెమికోలన్లు రాలిపోయాయి. ప్రోగ్రాం రన్నవకపోయినా ఫర్వాలేదు, ఎర్రసిరా సంతకం పడితే చాలు.

వెబ్ సంగతి మరీనూ! బ్రౌజర్లో నడిచే జావా ఆప్లెట్లకు 2015లోనే క్రోమ్ తలుపులు మూసింది. 2017లో జావా 9 కూడా వాటిని కాలం చెల్లినవాటిలో చేర్చింది. వైవాలో మాత్రం వాటి జీవితచక్రమే అడుగుతారు.

ఇక మినీ ప్రాజెక్టు. నిరుడు లైబ్రరీ మేనేజ్‌మెంటు, ఈ ఏడు హాస్పిటల్ మేనేజ్‌మెంటు. ‘పుస్తకం’ ఉన్నచోటల్లా ‘పేషెంటు’ అని మార్చారంతే. డెమోలో ఓ పేషెంటుకు గడువు దాటిందని రోజుకు రూపాయి చొప్పున ఫైను పడింది.